మూడు పాలు

ఎడిటరమ్మ ఫోను చేసినప్పుడు టిక్కు ఒక పెద్దాయన చెవి వెనకాల నీడ చెరుపుతోంది. గుర్తింపు కార్డు ఫోటోలో చెవులు రెండూ కనబడాలి, వాటి వెనక నీడ మాత్రం కనబడకూడదు. ఆ రూలు ఎవడు పెట్టాడో గానీ వాడికి చెవులంటే ఏదో పగ ఉండుంటుంది. మౌస్ వదిలేసి, కుర్చీ వెనక్కి జరిపి, ఫోనుని భుజానికీ చెంపకీ మధ్య ఇరికించుకుంది.

టిక్కు రాసే 'నా గోల' బ్లాగు ఎడిటరమ్మ మొత్తం చదివిందట. ఒకరోజు కుళాయి నీళ్ళు. ఒకరోజు రంగు చూసి ఇల్లు అద్దెకివ్వని యజమాని. మర్నాడు అన్నయ్య గురక. తర్వాత జాతి వివక్ష మీద మూడు పేరాలు, అందులోనే బస్సులో ఎవరో తొక్కిన కాలు. చెయ్యి బాగుందట, కోపం ఇంకా బాగుందట, ఆ కోపం ఎటు పోతోందో మాత్రం తెలియడం లేదట. తన వెబ్ పత్రికలో ప్రతి ఆదివారం ఒక కాలమ్ ఇస్తానంది. కాకపోతే ఒకే ఒక్క విషయం పట్టుకోవాలి. మొదటిది శనివారంలోగా పంపాలి. అంతే చెప్పి పెట్టేసింది.

ఒక్కటి పట్టుకోవాలట. అదేమన్నా బస్సులో కడ్డీనా చెయ్యి చాచి పట్టుకోవడానికి? రంగు గురించి రాద్దామని కూర్చుంటే అద్దెల గోల గుర్తొస్తుంది. అద్దెల గురించి మొదలుపెడితే, అసలు ఫలానా వీధిలో ఫలానా జాతివాళ్ళకే ఎందుకు ఇళ్ళు దొరకవన్న ప్రశ్న వస్తుంది. అది రాస్తుంటే బయట చెత్తబండి వచ్చి హారను కొడుతుంది, ఇక దాని మీదికి మళ్ళుతుంది కోపం. ఎప్పుడూ ఫోను మీద వేళ్ళు టిక్కుటిక్కుమంటూ ఉంటాయని అన్నయ్య పిల్లలు 'టిక్కత్త' అని పేరు పెట్టారు. ఇంట్లో, వీధిలో, ఈ ఫోటో షాపులో కూడా చివరికి అదే ఖాయమైంది. ఇంత టిక్కుటిక్కుమనీ ఒక్క విషయం తేలకపోవడం ఆమెకి ఒళ్ళు మండిపోయే సంగతి.

"టిక్కూ, ఈయనకి రెండు పొయ్యి," అని తెర అవతలనుంచి బాబాయి అరిచాడు.

షాపు బాబాయిది. వరసకే బాబాయి, జీతం దగ్గర మాత్రం పక్కా ఓనరు. ఆయన తెర వెనక కెమెరా దగ్గర, ఆమె ఇవతల కంప్యూటరు దగ్గర. రెండు అంటే రెండు పాలు. కస్టమరు వింటుండగా 'మొహం తెల్లగా చెయ్యి' అనడం బాగుండదని, టీలో పాలు పోసే లెక్కన బాబాయి కనిపెట్టిన భాష అది. చామనఛాయకి ఒకటి, నలుపుకి రెండు, బాగా నలుపైతే మూడు. ఎర్రగా ఉన్నవాళ్ళకి ఏమీ అక్కర్లేదు. ఇదివరకు ఒక్కో ముఖం మీద కూర్చుని చేత్తో చెయ్యాల్సి వచ్చేది. టిక్కు వచ్చాక మూడింటికీ మూడు మీటలు తయారుచేసింది, ఒక్క నొక్కుతో పనైపోతుంది. మా టిక్కు తెలివి చూశారా అని బాబాయి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

రెండో మీట నొక్కింది. పెద్దాయన ముఖం తెల్లబడింది, చెవులు కూడా. కంప్యూటరులో పక్క విండోలో నిన్న సగంలో ఆపిన పేరా అలాగే ఉంది: 'మనిషి రంగుని బట్టి మనిషిని కొలిచే ఈ సమాజం...' ఆ వాక్యం ఎక్కడికీ కదలడం లేదు. కోపమొచ్చి కొట్టేసింది.

*

మర్నాడు పొద్దున కార్డులు ఇవ్వడానికి పెద్దాసుపత్రికి వెళ్ళింది. అక్కడి సిబ్బంది కార్డులన్నీ బాబాయి షాపులోనే తయారవుతాయి. ఆయన ఫోటో తీస్తాడు, టిక్కు మెరుగుపెట్టి కార్డు అచ్చు వేస్తుంది, అదే ఫోటో ఆసుపత్రి కంప్యూటరుకి కూడా పంపుతుంది. ఇన్నాళ్ళూ గేటు దగ్గర గార్డు కార్డు చూసి తలూపితే సరిపోయేది. ఇప్పుడు కొత్తగా ఒక మిషను పెట్టారు. ఎదురుగా నిలబడి కార్డు ఆనిస్తే, ముఖాన్నీ ఫోటోనీ పోల్చి చూసుకుని ఆకుపచ్చ దీపం వెలిగిస్తుంది. లేదంటే 'సరిపోలలేదు' అని ఆడగొంతుతో చాలా మర్యాదగా చెబుతుంది.

వరస నడుస్తోంది. తెల్లకోటు డాక్టరొకడు ఫోనులో మాట్లాడుతూనే వెళ్ళిపోయాడు. ఎర్రగా బొద్దుగా ఉన్న గుమాస్తా వెళ్ళింది. తర్వాత ఒక నర్సు దగ్గర మిషను 'సరిపోలలేదు' అంది. నల్లటి మనిషి, ఇరవై అయిదు లోపే ఉంటుంది, యూనిఫాం ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు. ఆమెది ఎన్నో తరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్నా 'మీరు ఎక్కణ్ణించి వచ్చారు' అని ఈ ఊరు ఇప్పటికీ అడిగే జాతి. కార్డుని చేతిరుమాలుతో తుడిచి మళ్ళీ పెట్టింది. సరిపోలలేదు. కళ్ళజోడు తీసేసింది, జుట్టు చెవుల వెనక్కి నెట్టింది, గడ్డం పైకెత్తింది. సరిపోలలేదు.

వెనక ఫైళ్ళ సంచీ పట్టుకున్నాయన విసుక్కున్నాడు. వీళ్ళందరూ ఒకేలా ఉంటారు, ఒకరి కార్డు ఒకరు వాడుకుంటారు, ఎవరు పోల్చుకోగలరు అని పక్కాయనతో అన్నాడు. పక్కాయనతో అన్నాడన్నమాటే గానీ వరసంతా విన్నది. కొందరు నవ్వారు.

గార్డు దగ్గరికొచ్చాడు. నర్సు జాతివాడే. పొడుగు మనిషి, కణతల దగ్గర జుట్టు నెరిసింది, టోపీ కిందికి లాక్కున్నాడు. ఆమె కార్డు తీసుకుని చూశాడు, ఆమె ముఖం చూశాడు. కార్డుని ఆమె చెంప పక్కన పెట్టి మళ్ళీ చూశాడు. వరసలో వాళ్ళు మెడలు చాచారు.

"ఇది నేనేనండీ," అంది నర్సు.

గార్డు బల్ల దగ్గరికి వెళ్ళి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. శనివారం పొద్దున ఆఫీసరుగారి దగ్గర విచారణ ఉంటుందని, ఆ ఫోటో తనదేనని అక్కడ రుజువు చేసుకోవాలని, అప్పటిదాకా లోపలికి పంపలేనని చెప్పాడు. తన ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని, ఈ గొడవ కాగితం మీదికెక్కితే తీసేస్తారని ఆమె గొంతు తగ్గించి చెప్పింది. ఆయన నేల చూశాడు. తర్వాతివారు అని పిలిచాడు.

టిక్కుకి ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. కార్డుల కవరు లోపల పడేసి, మందుల దుకాణం మెట్ల మీద కూర్చుని ఫోను తీసింది. ఇదీ విషయం. ఇన్నాళ్ళూ గాలిలో గుద్దుతున్నది ఇదే. నల్ల ముఖాన్ని గుర్తుపట్టడం చేతగాని మిషను, దాన్ని కొన్న పెద్దమనుషులు, ఒకేలా ఉంటారన్న సంచీ ఆయన. అన్నిటికంటే ఎక్కువగా ఆ గార్డు. తన జాతి ఆడపిల్లని నలుగురి ముందు దొంగని చేసి, కనీసం కళ్ళెత్తి చూడని మనిషి. ఆయన మీద రాసిన పేరా దానంతటదే వచ్చింది, ఒక్క మాట కూడా మార్చాల్సిన అవసరం లేకపోయింది. 'గేటుకి తాళం వేసేవాడు ఎప్పుడూ మనవాడే అయివుంటాడు' అని రాసి, ఆ వాక్యం తనకే నచ్చి మళ్ళీ చదువుకుంది. అక్కణ్ణించే పంపేసింది.

మధ్యాహ్నంలోపే ఎడిటరమ్మ ఫోను. ఇదే కావాలి, ఇలాగే కావాలి, ఆదివారం వేస్తున్నాను, కాలమ్ నీదే అంది. రంగు, గేట్లు, లోపలా బయటా, ఏడాది పొడుగునా అదే రాయమంది. టిక్కు ఆ రోజు షాపులో ముఖాలన్నిటినీ ఈలవేస్తూ తెల్లబరిచింది. ఏం చేస్తున్నదో తనకి తెలియలేదు. అలవాటు పని, చెయ్యి దాని పాటికది పోతుంది.

సాయంత్రం వదినకి చదివి వినిపించింది. వదిన బట్టలు మడతపెడుతూ వింది. ఆమె ఈ బ్లాగుని అచ్చుతప్పుల కోసం తప్ప చదవదు.

"పరవాలేదే, ఈసారి తలా తోకా రెండూ ఉన్నాయి," అంది. తర్వాత ఒక చొక్కా దులిపి, "ఆ గార్డుకి మాత్రం బాగా గడ్డి పెట్టావు. పేరు రాయకపోయినా ఆ గేటు దగ్గర ఉండేది ఆయనొక్కడే కదా. పోలిక పట్టేస్తారు," అంది.

పట్టనీ అంది టిక్కు.

*

శుక్రవారం మధ్యాహ్నం బాబాయి భోంచేసి పళ్ళు కుట్టుకుంటుంటే షాపు తలుపు తోసుకుని ఆ నర్సే వచ్చింది. యూనిఫాంలో లేదు. మామూలు బట్టల్లో ఇంకా చిన్నపిల్లలా ఉంది. కార్డుకి కొత్త ఫోటో కావాలంది. టిక్కు గబుక్కున లేచి నిలబడింది, తర్వాత ఎందుకు నిలబడిందో తోచక కూర్చుంది. నీ కోసం రాశాను అని చెప్పాలని నాలుక దురద పెట్టింది. ముందు ఫోటో కానిద్దాం అనుకుంది.

బాబాయి తెర వెనక్కి తీసుకెళ్ళాడు. గడ్డం కాస్త దించమ్మా, ఆ, అలా. దీపం భగ్గుమంది.

"టిక్కూ, మూడు పొయ్యి."

ఫోటో కంప్యూటరు తెర మీదికి వచ్చింది. కొలతలు సరిచూసుకోవడానికి టిక్కు పాత ఫైలు తెరిచింది. రెండూ పక్కపక్కన వచ్చాయి. ఎడమవైపు ఇప్పుడు తీసినది, ఇంకా పాలు పొయ్యనిది. కుడివైపు కార్డు మీద ఉన్నది. చెంపల నీడలు పోయి, ముక్కు పక్కన గీత పోయి, దవడ ఎముక వెలుతురులో కరిగిపోయిన ఎవరో ఒక ఆడమనిషి. బాగానే ఉంది. ఎవరికైనా అక్కచెల్లెలు అయివుండొచ్చు. ఈమె మాత్రం కాదు.

టిక్కు వేలు మూడో మీట మీదే ఉంది. ఆ వేలు తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మిషను కరెక్టుగానే చెప్పింది. గార్డు కార్డుని చెంప పక్కన పెట్టి చూసి ఏమనుకోవాలో అదే అనుకున్నాడు. మెట్ల మీద కూర్చుని తాను ఊరందరినీ తిట్టిపోసింది. ఆ ముఖాన్ని మార్చిన చేత్తోనే.

నర్సు తెర పక్కనుంచి వచ్చి కంప్యూటరు ముందు ఆగింది. రెండు ముఖాలూ చూసింది. 

"మీరు చేశారా ఇది?" అంది.

"అందరికీ చేస్తామండీ," అంది టిక్కు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఎంత అబద్ధమో తెలిసింది. "అంటే, అందరికీ కాదు."

నర్సు కేకలు వేస్తే బాగుండునని టిక్కుకి అనిపించింది. ఆమె వెయ్యలేదు. శనివారం విచారణ ఉందని, పాత ఫోటో తనదేనని, దాన్ని షాపులో మార్చారని రాసిచ్చి సంతకం పెడితే చాలునని, లేకపోతే రేపటితో ఉద్యోగం పోతుందని అడిగింది. ఎవరినీ ఏమీ అనను, కాగితం చాలు అంది.

బాబాయి ఆ మాట వినగానే పుల్ల పారేసి ముందుకొచ్చాడు. కాగితమా, ఎందుకమ్మా, మేమేం తప్పు చేశాం, అందంగా కనబడాలని చేశాం, ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా బాగాలేదనలేదు అన్నాడు. కొత్త ఫోటో డబ్బు తీసుకోకుండా ఇస్తాను, తీసుకెళ్ళు అన్నాడు. తర్వాత టిక్కు చెవి దగ్గరకొచ్చి, ఆ కాగితం గనక రాశామా, ఆసుపత్రి కార్డుల పని రేపే ఊడుతుంది, నీ జీతం అందులోంచే వస్తోంది, మర్చిపోకు అని గొణిగాడు.

నర్సు తలుపు దాటి మెట్లు దిగుతుంటే టిక్కు వెనకాల పరిగెత్తింది. ఏం చెప్పాలో తెలియక, తనకి చాతనైన ఒక్కటీ చెప్పింది. మీకు జరిగింది నిన్న నేను చూశాను, దాని మీద రాశాను, ఆదివారం పత్రికలో వస్తుంది, వేలమంది చదువుతారు అంది.

"నా గురించా? మిమ్మల్నెవరు రాయమన్నారు?"

"అన్యాయం కదండీ. అందరికీ తెలియాలి."

"ఆసుపత్రిలో ఏమంటారు? పత్రికలకి ఎక్కించింది అంటారు. విచారణ కూడా అక్కర్లేకుండా పంపించేస్తారు." నర్సు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. గట్టిగా కాదు, నాడి చూసేవాళ్ళు పట్టుకున్నట్టు. "నాకు వేలమంది అక్కర్లేదండీ. రేపు పొద్దున ఆ గదిలో ఒక్క మనిషి నిలబడి నిజం చెబితే చాలు. మీరు వస్తారా?"

టిక్కు వస్తాననలేదు, రాననలేదు. నర్సు కాసేపు చూసి, చెయ్యి వదిలేసి వెళ్ళిపోయింది.

టిక్కు అదే మెట్ల మీద నిలబడి ఎడిటరమ్మకి ఫోను చేసింది. అది వెయ్యొద్దండీ అంది. ఎందుకంటే చెప్పింది. మిషను తప్పు కాదు, గార్డు తప్పు కాదు, ఆ ఫోటో తెల్లబరిచింది నేనే అంది.  ఎడిటరమ్మ కోప్పడుతుందనుకుంది, ఆమె మాత్రం సంబరపడింది. అరె, ఇంకా మంచిది కదా, ఇదే రాయి, 'ఆ చెయ్యి నాదే' అని పేరు పెడదాం, ఎవరూ ఇంత ధైర్యంగా రాయరు, చదివినవాళ్ళు ఏడుస్తారు అంది. ఆమె రాయొద్దంది అని టిక్కు అంటే, పేరు తీసెయ్యి అంది. పేరు ముందే లేదు అంది టిక్కు. ఇంత మెత్తగా ఉంటే ఎలాగమ్మా, రాసేవాళ్ళకి కాస్త గుండె గట్టిగా ఉండాలి, నా పేజీ ఖాళీగా ఉంచలేను అని, ఇంకొకరిని చూసుకుంటానంది. చూసుకోండి అంది టిక్కు.

ఫోను పెట్టేశాక చాలా కోపమొచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. ఇన్నేళ్ళూ కావాలనుకున్నది అరచేతిలోకి వచ్చి, ఇలా వేళ్ళసందుల్లోంచి జారిపోవడమేమిటి? నిజంగా ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళి, ఎడమవైపు ఫోటోకి ఒక్క చుక్క కూడా పొయ్యకుండా అచ్చు వేసింది. దాని పక్కనే పాతదీ వేసింది.

*

శనివారం పొద్దున ఆఫీసరు గది బయట బల్ల మీద నర్సు కూర్చుని ఉంది, మోకాళ్ళ మీద కార్డు. టిక్కుని చూసి పక్కకి జరిగింది. అంతే. టిక్కు పక్కన కూర్చుంది. తలుపు పక్కన గార్డు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. టిక్కు ఆయన వైపు చూడలేకపోయింది. ఆయన మీద రాసిన పేరా ఒక్కో వాక్యం వరసగా గుర్తొస్తోంది, సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

లోపలికి పిలిచి ఆడవాళ్ళిద్దరినీ కూర్చోమన్నాడు ఆఫీసరు. మర్యాదస్థుడే. ఎర్రటి మనిషి, కిటికీ ఎండకి కళ్ళు చిట్లిస్తూ ఫైలు తిప్పాడు. ముందు గార్డు మీద పడ్డాడు. మిషను ఆపినవాళ్ళని ఈ వారమంతా నువ్వు పక్క తలుపులోంచి పంపిస్తున్నావట, ఫిర్యాదు వచ్చింది, ఎవరి హుకుంతో పంపావు అని అడిగాడు.

"పాతవాళ్ళు సార్. ఏళ్ళ తరబడి చూస్తున్న ముఖాలు. మిషను కాదంటే నేనెలా కాదంటాను?" గార్డు గొంతు సవరించుకున్నాడు. "ఈ అమ్మాయి కొత్త. నాకు తెలియదు. వరసలో అందరూ చూస్తున్నారు, ఒకరి కార్డు ఒకరు వాడతారంటున్నారు. ఈమెని కూడా అలా పంపితే, నా వాళ్ళని నేను దొంగతనంగా పంపుతున్నానంటారు. అందుకే పుస్తకంలో రాశాను. విచారణలోనైనా తేలుతుందని."

టిక్కు లేచి నిలబడింది. కవరులోంచి రెండు ఫోటోలూ తీసి బల్ల మీద పెట్టింది. షాపు నుంచి వచ్చానని, రెండూ ఈమెవేనని, మొదటిదాన్ని తాను కంప్యూటరు మీద తెల్లబరిచానని, మిషను ఆపినవాళ్ళందరి ఫోటోలూ అలాంటివే అయివుంటాయని చెప్పింది. అంతవరకూ గొంతు బాగానే ఉంది.

ఆఫీసరు రెంటినీ దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఎవరు చెయ్యమన్నారు? ఈ అమ్మాయి అడిగిందా?"

"లేదు సార్. ఎవరూ అడగరు. నల్లగా ఉంటే చేసేస్తాం."

ఆయన మెళ్ళో కార్డు చేత్తో తిప్పుకుని చూసుకున్నాడు. "మరి నాది?"

"మీది ఏమీ చెయ్యలేదు సార్. మీకు అవసరం..." అని టిక్కు ఆగిపోయింది.  నర్సు తలెత్తి చూసింది. గార్డు కూడా చూశాడు. ఆఫీసరు ముఖం కాస్త కందింది, ఫైలు మూసేశాడు.

నర్సుని డ్యూటీకి వెళ్ళమన్నాడు. పోయిన రోజులు సెలవు కింద రాయమన్నాడు. గార్డుని వెళ్ళమని చెయ్యి ఊపాడు. షాపువాళ్ళు తమ ఖర్చుతో సిబ్బంది కార్డులన్నీ మళ్ళీ చెయ్యాలని, ఉన్నది ఉన్నట్టు ఉండాలని, ఆ తర్వాత ఆ షాపుతో పని ఉంచాలా వద్దా అన్నది ఆలోచిస్తామని చెప్పాడు. నర్సు థాంక్స్ చెప్పలేదు. వరండాలో వేగంగా నడిచి వెళ్ళిపోయింది, అప్పటికే ఆలస్యమైంది.

*

బాబాయి నెత్తి బాదుకున్నాడు. నా కొంప ముంచావు, నీకు రాతలు రాసే జబ్బు ఉందని తెలిసి పనిలో పెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ అన్నాడు. ఇప్పుడే తీసేసేవాణ్ణి, ఇన్ని కార్డులు మళ్ళీ చెయ్యడం నాకు రాదు గనక ఊరుకున్నాను అని కూడా అన్నాడు. అన్నీ అయ్యాక తీసెయ్యి బాబాయ్, ముందు కూర్చోనీ అంది టిక్కు. ఆయన తెర వెనక్కి వెళ్ళి స్టూలు మీద కూలబడ్డాడు.

మొదట మూడు మీటలూ తీసేసింది. చాలా హాయిగా అనిపించింది. తర్వాత ఒక్కో పాత ఫైలూ తీసి, అసలు ముఖాన్ని బయటికి లాగి, కార్డు వేస్తూ పోయింది. మధ్యాహ్నానికి మెడ పట్టేసింది. మనసులో మాత్రం ఏదో మంచి పని చేస్తున్నానన్న పొగరు కాస్త తలెత్తింది. ఆ నర్సు ముఖం ఆమెకి తిరిగి ఇప్పించాను కదా అనుకుంది. పత్రికలో వెయ్యకపోతేనేం, 'నా గోల'లో రాసుకోవచ్చు, ఆ పిల్ల కూడా ఇప్పుడు కాదనదు అనుకుంది.

సాయంత్రం డ్యూటీ దిగి నర్సు వచ్చింది. టిక్కు కుర్చీ చూపించింది. ఆమె కూర్చోలేదు.

"ఆ పాత ఫోటో ఒకటి కావాలండీ. పెద్ద సైజుది. ఇంట్లో పెట్టుకోవడానికి."

"పాతదా? ఆ తెల్లదా?" టిక్కు నవ్వబోయి ఆగింది. "దాన్ని చెరిపేద్దామనుకుంటున్నానండీ. అది మీరు కాదు కదా. కొత్తది పెద్దది చేసిస్తాను, డబ్బు వద్దు."

"మా అమ్మకి అదే ఇష్టం. కార్డు వచ్చిన రోజున చేత్తో పట్టుకుని వదల్లేదు. తెల్లగా ఉందని నచ్చిందో, యూనిఫాం నచ్చిందో నేనడగలేదు. మొన్న నేను గేటు బయట ఉండిపోయానని ఆమెకి తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు."

"కానీ దానివల్లే కదండీ మీకు ఇంత..."

"అవును." నర్సు సంచీ భుజం మార్చుకుంది. చాలా అలసిపోయి ఉంది, ఆ అలసటలో కూడా ఒక్కో మాట స్పష్టంగా పలికింది. "తెల్లగా చేసినప్పుడు నన్నడగలేదు. ఇప్పుడు చెరిపేస్తానంటున్నారు, ఇప్పుడూ అడగడం లేదు. రాసినప్పుడు కూడా అడగలేదు. మీరు మంచివారే, పొద్దున వచ్చారు, అది నేను మర్చిపోను. కానీ ఆ ముఖం నాదండీ. రెండూ నావే."

టిక్కుకి చెంప మీద కొట్టినట్టయింది.  జీవితంలో మొదటిసారి ఆమె దగ్గర అభిప్రాయం లేదు. మౌస్ పట్టుకుని పాత ఫైలు తీసింది. పెద్ద కాగితం మిషనులో పెట్టింది. ఫోటో నెమ్మదిగా, నుదుటి నుంచి కిందికి బయటికి వస్తుంటే ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. అంచులు కత్తిరించి, మడత పడకుండా అట్ట పెట్టి కవరులో వేసింది. నర్సు డబ్బు లెక్కపెట్టి బల్ల మీద ఉంచింది. టిక్కు వద్దనలేదు, తీసుకుంది.

ఆమె వెళ్ళాక ఫోను తీసి 'నా గోల' తెరిచింది. కొత్త పేజీ తెల్లగా ఉంది. ఏమీ రాయకుండా మూసేసింది.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు. గార్డు. యూనిఫాంలోనే వచ్చాడు, కార్డు మళ్ళీ చేయించుకోమన్నారట. పాత ఫైల్లో ఆయన అసలు ఫోటో మిగల్లేదు. పొద్దున్న ఆ గదిలో చూసినదానికంటే ముసలిగా కనబడ్డాడు. టిక్కు లేచి కుర్చీ చూపించింది. ఆయన గురించి తానేం రాసిందో ఆయనకెప్పటికీ తెలియదు. దానివల్ల సిగ్గు తగ్గలేదు, ఇంకా పెరిగింది.

బాబాయి తెర వెనక ఫోటో తీశాడు. దీపం వెలిగింది, ఆరింది. "టిక్కూ, మూ..." అని అలవాటుగా మొదలుపెట్టి, గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. చెప్పులు టకటకలాడిస్తూ వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

గార్డు ముఖం తెర మీదికి వచ్చింది. కళ్ళ కింద సంచులు, ముక్కు మీద పాత దెబ్బ మచ్చ, గీసినా మిగిలిన తెల్ల గడ్డం. ఉన్నది ఉన్నట్టు ఉండాలని ఆఫీసరు హుకుం. ఒక్క నొక్కుతో అచ్చు వేసి పంపించెయ్యొచ్చు. టిక్కు చెయ్యి అక్కడిదాకా వెళ్ళి ఆగింది.

"గేటు కార్డుకి ఇలాగే ఉండాలండీ, అందులో నేను చెయ్యగలిగిందేమీ లేదు," అంది. "ఇంకోటి వేసిస్తాను. మీ ఇంటికి. అది మీకెలా కావాలో మీరు చెప్పండి."

"ఎలా అంటే?"

"ఇలాగే ఉంచనా, వెలుతురు పెంచనా, ఆ మచ్చ తియ్యనా. మీ ఇష్టం."

ఆయన అనుమానంగా చూశాడు, ఇందులో ఏదైనా తిరకాసు ఉందేమోనన్నట్టు. తర్వాత తెర మీద ఫోటో వైపు వంగాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రోజూ గేటు దగ్గర ఇతరుల ముఖాల మీద చూపు నిలిపినట్టే, తొందరపడకుండా, నుదుటి నుంచి గడ్డం దాకా చూశాడు. మచ్చ దగ్గర వేలు పెట్టి, తీసేశాడు.

"నువ్వు షాపు కట్టేసే వేళయిందేమో కదమ్మా?"

"లేదండీ," అంది టిక్కు. "చూసుకోండి."